సగం నింపిన బ్యాటరీలు, నిండు డబ్బా

ఊరికి తిరిగొచ్చి వారం దాటింది. ఎవరు ఎదురుపడినా ఒకటే ప్రశ్న: "వైజాగ్ పోయినావంట గదా, సముద్రం చూసినావా?" చూశాను. పాతనగరంలో, జోరువానలో, ఆటోకు కట్టిన ప్లాస్టిక్ పరదా పక్కకు తోసి, ఆటో సందు మలుపు తిరిగేలోపు చూశాను. బూడిదరంగులో ఉంది. అంతే. ఈ మాట చెబితే జనం నావైపు జాలిగా చూస్తున్నారు. అంత దూరం పోయి కాళ్ళైనా తడుపుకోకుండా వచ్చింది, పిచ్చిది అని వాళ్ళ ఉద్దేశం. నేను చూసొచ్చింది ఏమిటో నిలబడి చెప్పే మాట కాదు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

నేను నంద్యాల దగ్గర పల్లెలో డ్రోనుతో చేలకు మందు కొడతాను. డ్రోను మా మహిళా సంఘానిది, నడిపేది నేను. ఆడమనిషి గాల్లో మందు కొట్టేదేంది అని నవ్వినవాళ్ళే ఇప్పుడు మిరప నాటగానే ఫోను చేసి వరుస అడుగుతున్నారు. గొప్పకు చెప్పడం లేదు. సరే, గొప్పకే చెబుతున్నాను.

శిక్షణ తీసుకున్నప్పుడు హాస్టల్లో నా పక్క మంచం నూకరత్నానిది. విశాఖపట్నం స్టీలు ప్లాంటు దగ్గర కూర్మన్నపాలెం వాళ్ళది. నాకంటే చిన్నది, నాకంటే గట్టిగా మాట్లాడుతుంది. ఒకరోజు పొద్దున్నే ఫోను చేసింది.

"అక్కా, ఒక్కపాలి రావాల. నీ బేటరీలు అట్టుకుని రా."

సంగతి ఇదీ. సబ్బవరం దగ్గర రైతులు కొంతమంది వరికి దోమ తగిలి అల్లాడుతున్నారు. మందు కొట్టే పని నూకరత్నం సంఘానికి ఇవ్వాలా, పట్నం నుంచి డ్రోను తెచ్చే కుర్రాళ్ళకు ఇవ్వాలా అని వాళ్ళకు తేలలేదు. ఒక పరీక్ష పెట్టారు. కాలువ కింద మడులన్నీ ఒక్క ఉదయంలో, సముద్రపు గాలి లేచేలోపు, ఆడవాళ్ళు పూర్తి చేస్తే ఇకమీదట పనంతా వాళ్ళకే. మధ్యలో ఆగిపోతే లేదు. నూకరత్నం దగ్గరున్నవి నాలుగే బ్యాటరీలు. నా దగ్గర అదే రకానివి నాలుగున్నాయి.

"ఈ పని పోతే మా సంగం ఆడోల్లు మల్లీ ఇటికల బట్టీకి ఎల్లిపోతారక్కా," అంది చివర్లో. అప్పుడు మాత్రం గొంతు తగ్గించింది.

ఇంత పెద్ద బ్యాటరీలను విమానంలో ఎక్కించనివ్వరు, రైల్లో పెట్టుకుని నిద్రపోయే ధైర్యం నాకు లేదు. మా ఆయన ఓబులేసు మినీ వ్యాను తీశాడు. ఆయన మాట్లాడేది తక్కువ, నడిపేది బాగా నడుపుతాడు.

కూర్మన్నపాలెం

మేం చేరేసరికి సాయంత్రం. ప్లాంటు షిఫ్టు మారే వేళ. హెల్మెట్లు, టిఫిన్ క్యారేజీలు, బైకులు, బస్సులు, కూడలంతా ఒకటే హారన్లు. నూకరత్నం భర్త ఆ గుంపులోనే ఎక్కడో డ్యూటీకి పోతున్నాడు. మేమున్న అన్ని రోజుల్లో ఆయన్ని రెండుసార్లే చూశాను, రెండుసార్లూ చెప్పులేసుకుంటూనే కనిపించాడు.

ఇల్లు మేడ మీద. నాకు మొదట చూపించింది దేవుడి గది కాదు, బ్యాటరీల చోటు. పాత ఫ్రిజ్‌లో వాడే కమ్మీల అరలను గోడకు బిగించింది. కింద నుంచీ పైనుంచీ గాలి ఆడుతుంది. కింద ఇసుక బకెట్టు. రెండు వైపులా కిటికీలు. మా తట్టు బ్యాటరీకి ఎండా దుమ్మూ శత్రువులు. ఇక్కడ గాలే శత్రువు. ఉప్పుతేమకు బ్యాటరీ మూతి దగ్గర ఇత్తడి ముక్కలు పచ్చబడతాయట. రోజూ సాయంత్రం పొడి బట్టతో తుడుస్తుంది. కొత్త చెప్పుల డబ్బాల్లో, మందు సీసాల్లో తేమ లాగే చిన్న పొట్లాలు వస్తాయి చూడండి, మనం పారేస్తాం. ఆ వీధి వీధంతా వాటిని దాచి నూకరత్నానికి తెచ్చిస్తారు. ఎవరింట్లో కొత్త చెప్పులు కొన్నా పొట్లం ఈమెదే. నాకు ఆ ఏర్పాటు చూసి కుళ్ళు పుట్టింది, ఇప్పుడు మా ఊళ్ళో నేనూ మొదలుపెట్టాను.

తెలియనివాళ్ళకు ఒక్క ముక్క చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. ఈ బ్యాటరీ మీద నాలుగు చిన్న దీపాలుంటాయి. నాలుగూ వెలిగితే నిండు. ఎగిరే రోజు తప్ప మిగతా రోజుల్లో రెండు దీపాల దగ్గరే, అంటే సగంలోనే ఉంచాలి. నిండుగా నింపి, గాలాడని చోట రోజుల తరబడి పెడితే లోపల ఉబ్బుతుంది. ఉబ్బినదాన్ని వాడితే నిప్పే. నేను ఇంటి నుంచి తెచ్చినవి నాలుగూ సగంలోనే ఉన్నాయి.

నూకరత్నం అత్తగారు ఆదెమ్మ. బక్కపలచటి మనిషి, బొడ్లో తాళాల గుత్తి. నేను తెచ్చిన స్టీలు డబ్బా ఇస్తే మూత తీసి చూసింది. ఓలిగలు, అదే బొబ్బట్లు. అన్నీ పళ్ళెంలోకి మార్చేసి డబ్బా అప్పటికప్పుడే కడగబోయింది.

"ఉండనీ పెద్దమ్మా, డబ్బా నేను కడుక్కుంటా గదా," అన్నాను.

"ఓలమ్మా, ఖాళీ డబ్బా అలాగిచ్చేత్తానేటి? ఎల్లినప్పుడు నింపే ఇత్తాను. అతిథి సామాను మాయింట్లోంచి ఖాళీగా ఎల్లదు," అంది.

ఈ మాట గుర్తుంచుకోండి.

రాత్రి భోజనంలో చేపల వేపుడు, పనసపొట్టు ఆవ పెట్టిన కూర, ఆనపకాయ పులుసు. వేపుడుకు దండం పెట్టాలి. కూర ఘాటుకు ముక్కు తెరుచుకుంది. పులుసులో మాత్రం బెల్లం వేశారు! పులుసులో బెల్లమేంది అని నేను మా ఆయన వైపు చూశాను. ఆయన రెండోసారి వడ్డించుకుంటున్నాడు. సంచిలోంచి మా కారప్పొడి తీసి కలుపుకున్నాను. ఆదెమ్మ చిటికెడు నోట్లో వేసుకుని చెంబెడు నీళ్ళు తాగింది.

బీరువా

మర్నాడు నూకరత్నం, నేను మడులు చూసి రావడానికి సబ్బవరం బయల్దేరాం. గడప దాటుతూ నూకరత్నం, "అత్తా, అక్క బేటరీలు జాగ్రత్తగా ఎట్టు," అంది. అంతే అంది. ఆ ముక్క దగ్గరే పడింది పీటముడి.

సబ్బవరంలో మడి గట్టు మీద ఉండగానే వాన పట్టుకుంది. అల్పపీడనమట. మేం తడిసి ముద్దై ఇల్లు చేరాం. ఆ మర్నాడూ వానే, ఆ తర్వాతా వానే. మా నంద్యాలలో వాన వస్తే బయటికొచ్చి చూస్తాం. ఇక్కడ వాన చుట్టంలా వచ్చి పోనంటుంది. రైతులు ఫోనులో, వాన తెరిపిచ్చిన మొదటి ఉదయమే కొట్టాలి, దోమ ఆగదు అన్నారు.

ఆ మధ్యాహ్నం నాకెందుకో నా బ్యాటరీలు ఒకసారి చూసుకుందామనిపించింది. కమ్మీల అరల్లో చూస్తే నూకరత్నానివి నాలుగే ఉన్నాయి. నావేవి?

"అక్కడెందుకుంటాయమ్మా? రోజువారీ సామాను పక్కన మీవెడతానేటి?" అని ఆదెమ్మ బొడ్లో తాళం తీసి, గదిలో ఉన్న ఇనప బీరువా తెరిచింది. పెళ్ళి పట్టుచీరల మధ్య, మడత పెట్టిన తువ్వాలు కప్పి, కలరా ఉండలు పక్కన వేసి, నా నాలుగు బ్యాటరీలు పడుకున్నాయి. ఆమె ముఖం వెలిగిపోతోంది. "మీరు తెచ్చినప్పుడు సగమే ఉన్నాయమ్మా. రెండేసి దీపాలే. అతిథి సామాను అలాగొగ్గేత్తామేటి? ఆ రోజే అన్నీ నింపీసినాను. కోడలు సేత్తంటే రోజూ సూత్తన్నాను కదా, నాకొచ్చును."

నొక్కి చూశాను. నాలుగు దీపాలు. రెండోది, నాలుగు. మూడోదీ అంతే. వేడి పుట్టే ఇనప పెట్టెలో, మూడు రోజులుగా, నిండుగా. నాలుగోది అన్నిట్లో పాతది. చేత్తో తడిమితే పక్క ఉబ్బి ఉంది.

నాకు కోపం వచ్చింది. నా కోపం సంగతి మా ఊళ్ళో అందరికీ తెలుసు, ఆ ఇంట్లో వాళ్ళకు తెలియదు.

"బ్యాటరీని బీరువాలో ఎవరన్నా పెడతారా? ఎవరు నింపమన్నారు నిన్ను? పొట్ట ఉబ్బిండాది సూడు! చీరలే కాదు, ఇల్లే లేసిపోతుంది! అడగల్ల గదా పెద్దమ్మా, ఒక్క మాట అడగల్ల గదా!"

ఆదెమ్మ తువ్వాలు మడత పెట్టి, తాళం గుత్తి మంచం మీద పెట్టి, మెట్ల మీదికి పోయి కూర్చుంది. నూకరత్నం నోరు తెరిచి మూసింది. అత్తనంటే అత్తకు కోపం, నన్నంటే నాకు కోపం. మా ఆయన కుర్చీలోంచి తల ఎత్తాడు.

"బ్యాటరీలకంటే నీ నోరే ఎక్కువ ఛార్జింగులో ఉండాది," అన్నాడు. రోజంతటికీ ఆయన మాట్లాడింది అదొక్కటే.

ఉబ్బినదాన్ని తీసుకుపోయి మేడ దిగి, పెరటి గోడ మూల ఇసుక తొట్టిలో, ఇంటికి దూరంగా పెట్టాం. అది ఇక పోయినట్టే. మిగిలినవి ఏడు. అందులో నా మూడూ నిండుగా ఉన్నాయి. వాన ఎన్నాళ్ళుంటుందో తెలియదు. వాటిని ఈ రోజే సగానికి దించాలి. ఎగరేస్తే దిగుతాయి, వానలో ఎగరేయలేం. మా ఛార్జరుకు నింపడమే తెలుసు, ఒంపడం రాదు. ఈ మూడు కూడా పోతే నాలుగింటితో ఆ మడులు పూర్తి కావు. నూకరత్నం కిటికీ పట్టుకుని వాన చూస్తూ నిలబడిపోయింది.

"బల్బులు," అన్నాను నేను. "కారు హెడ్‌లైట్ల బల్బులు వరుసగా కట్టి వెలిగిస్తే బ్యాటరీ దిగుతుంది. పాత బల్బులు యాడ దొరుకుతాయి?"

"పాతనగరంలో. మస్తాన్ బాయ్ కొట్టు," అంది నూకరత్నం.

మెట్ల మీద నుంచి గొంతు వినిపించింది. "నానూ వొత్తాను. నింపినదాన్ని నానే, ఒంపేదాన్నీ నానే."

పాతనగరం

ముగ్గురం ఆటోలో పడ్డాం. పాతనగరం సందులు మా నంద్యాల బజారులా ఇరుకే, కాకపోతే ఇక్కడ ప్రతి సందు చివరా ఓడ కనిపిస్తుంది. నేను సముద్రం చూసింది అప్పుడే. రేవులో క్రేన్లు వానలో తడుస్తున్నాయి. గోడల మీద, ఆకుల మీద, చివరికి కొట్టు బల్లల మీద కూడా నల్లటి సన్నని ధూళి. రేవు బొగ్గు అని నూకరత్నం చెప్పింది.

మస్తాన్ భాయ్ కొట్టంతా పాత బండ్ల దీపాలు, హారన్లు, అద్దాలు. గడ్డానికి గోరింటాకు. మా మాట విని కళ్ళజోడు పైకి నెట్టాడు.

"ఏటి బహెన్, ఇన్నేల్ల నుంచి కొట్టెట్టినాను. బేటరీ నింపమని వొత్తారు గానీ ఖాళీ సెయ్యమని వొచ్చినోల్లని ఇదే సూడ్డం. ఎన్ని ఓల్టులు?"

చెప్పాను. యాభై దాటి, అరవైకి దగ్గర.

"మూడు బల్బులు సాలు."

"సాలవు. పన్నెండు వోల్టుల బల్బులు ఐదన్నా కావల్ల."

"బహెన్, దీపాల యాపారం నాది." అన్నాడు, మాట అక్కడితో అయిపోయినట్టు.

ఆదెమ్మ అప్పుడు ముందుకొచ్చింది. బల్బు ఒకటి ఎనభై అన్నాడు. ఆమె నలభై అంది. వానాకాలం కదా అన్నాడు. పాత బల్బుకు వానేటి, ఎండేటి అంది. చివరికి యాభై అయిదుకు తెగింది. డబ్బు చేతిలో పెడుతూ ఆదెమ్మ, "మరి కొసరో?" అంది.

"బల్బులకి కొసరేటమ్మా? బెండకాయలా?"

"మూడు కొన్నాను. కొసరెయ్యకుండా ఎల్తానేటి?"

మా ఊళ్ళో కొసరు వంకాయలకూ పూలకూ అడుగుతాం. కారు బల్బులకు కొసరడిగిన మనిషిని నేను ఆదెమ్మనే చూశాను. ఆయన నవ్వాపుకోలేక రెండు బల్బులు కాగితంలో చుట్టి ఇచ్చాడు. అందరికీ అల్లం చాయ్ చెప్పాడు, వేడివేడి ఉల్లి సమోసాలు తెప్పించాడు. తాగుతుండగానే చెక్కకు మూడు హోల్డర్లు బిగించాడు. ఆ తర్వాత ఉన్నట్టుండి షట్టరు దించేశాడు.

"నానూ వొత్తన్నాను పదండి. ఇది సూడాల."

బల్బుల వెలుగు

మేం ఇల్లు చేరేసరికి సాయంత్రం చీకటి పడుతోంది. వానకు వీధంతా కరెంటు పోయింది. మస్తాన్ భాయ్ చెక్కను గచ్చు మీద పెట్టి, వైర్లు కలిపి, "సూడండి," అన్నాడు.

కళ్ళు జిగేల్‌మన్నాయి. టప్. ఒక బల్బు మాడిపోయింది, మూడూ ఆరిపోయాయి.

నేను ఏమీ అనలేదు. ఎంత కష్టపడి అనకుండా ఉన్నానో మా ఆయనకు తెలుసు.

"బల్బు పాతది," అన్నాడు మస్తాన్ భాయ్.

ఆదెమ్మ చీర కొంగు ముడి విప్పి కాగితం పొట్లం ఆయన ముందు పెట్టింది. కొసరు బల్బులు. మంచివి రెండు, ఇవి రెండు, నాలుగు. "మా దీపాలూ నాలుగే," అంది బ్యాటరీ వైపు చూపించి. ఐదైతే ఇంకా నిశ్చింత. నాలుగైనా ఆగుతాయని మనసులో లెక్క వేసుకుని తల ఊపాను. ఇంకో హోల్డరు బిగించి వైర్లు కలిపాం.

వెలిగాయి. నిలిచాయి. గదంతా పట్టపగలైంది. ఆ వీధిలో ఇంకెక్కడా వెలుగు లేదు. ఎదురింటి గుమ్మంలోంచి ఒకామె తొంగిచూసి, "ఓలి నూకరత్నం, మీకొక్కరికే కరెంటొచ్చినాదేటి?" అంది. కాసేపటికి ఆమె చేటతో బియ్యం తెచ్చుకుని మా గచ్చు మీద కూర్చుని ఏరుకుంటోంది. పక్కింటి పిల్లలు లెక్కల పుస్తకాలు పట్టుకొచ్చారు. కింది వాటా ముసలాయన సూదిలో దారం ఎక్కించమని వచ్చి, ఎక్కించాక కూడా పోలేదు. ఎవరో జంతికలు తెచ్చారు. మస్తాన్ భాయ్ గోడకు ఆనుకుని, వచ్చిన ప్రతివాళ్ళకూ ఈ ఏర్పాటు తనదేనని చెబుతున్నాడు. మాడిన బల్బు సంగతి మాత్రం చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

ఆదెమ్మ బ్యాటరీ పక్కనుంచి లేవలేదు. నాలుగో దీపం ఆరినప్పుడు, "ఒకటి దిగినాది," అంది. చాలాసేపటికి మూడోది ఆరింది. ఆ క్షణంలోనే, "సాలు! పీకేయ్!" అని కేకేసింది. నూకరత్నం వైరు లాగేసింది. గది ఒక్క నిమిషం చీకటైంది, పిల్లలు గొల్లుమన్నారు. రెండోది తగిలించాం. మళ్ళీ వెలుగు.

అప్పుడు పోయి ఆమె పక్కన కూర్చున్నాను. "పెద్దమ్మా, నా నోరు మంచిది కాదు," అన్నాను.

"నోరు కాదమ్మా," అంది ఆమె, దీపాల మీద నుంచి కళ్ళు తీయకుండానే. "సగం ఉంటే బాగుంటాదని నాకెవరు సెప్పినారు? మాయింట్లో ఉప్పు డబ్బా అయినా సగానికి దిగకముందే నింపుతాను. దీనికి సగమే బలమని ఇప్పుడు తెలిసినాది. ఇంక మర్సిపోను."

నా మూడు బ్యాటరీలు ఆ రాత్రి కమ్మీల అరల్లో, నూకరత్నం బ్యాటరీల పక్కనే పడుకున్నాయి. ఆదెమ్మే తుడిచి పెట్టింది.

సబ్బవరం

వాన తెరిపిచ్చిందని కబురు రాగానే ఏడింటినీ నింపుకుని, తెల్లవారుతుండగా మడుల దగ్గర దిగాం. నూకరత్నం సంఘం ఆడవాళ్ళు అప్పటికే వచ్చి ఉన్నారు. చీరల మీద మగవాళ్ళ చొక్కాలు తొడుక్కుని, మందు కలిపే డ్రమ్ముల దగ్గర నిలబడ్డారు. గట్టు మీద రైతులు. వాళ్ళకు పెద్ద అప్పలనాయుడు, తెల్ల మీసాలు, చేతిలో గొడుగు. మాతో ఒక్క మాట లేదు. పక్కవాళ్ళతో మాత్రం, "ఆడోల్లు ఎంతసేపు సేత్తారో సూద్దాం," అన్నాడు, మాకు వినపడేటట్టు.

ఈ పని ఎలా ఉంటుందంటే, బ్యాటరీ ఒక్క టాంకు మందు కొట్టేలోపు అయిపోతుంది. దిగిందంటే కాలుతూ ఉంటుంది. దాన్ని తీసి ఇంకోటి పెట్టాలి. తీసినదాన్ని వెంటనే ఛార్జింగులో పెట్టకూడదు, చల్లారాలి. చల్లారాకే జనరేటరుకు తగిలించాలి. ఇలా ఏడూ వరుసలో తిరుగుతుంటే డ్రోను ఆగదు. వరుస తప్పితే ఆగుతుంది.

చల్లార్చే పని ఆదెమ్మ అడిగి తీసుకుంది. ఎవరింట్లోంచో నులక మంచం తెప్పించి, తుమ్మచెట్టు నీడలో వేయించింది. కిందా పైనా గాలి. దాని మీద బ్యాటరీలు వరుసగా పడుకోబెట్టి తాటాకు విసనకర్రతో విసరసాగింది. నడుమ నడుమ అరచేయి తిప్పి, చేతి వెనక వైపు వాటి మీద ఆనించి చూసేది, పిల్లలకు జ్వరం చూసినట్టు. "దీనికింకా ఒల్లు కాల్తంది." "ఇది సల్లారినాది, అట్టుకెల్లు." గట్టు మీద రైతులు మొదట నవ్వారు. తర్వాత వాళ్ళలో ఒకాయన వచ్చి రెండో విసనకర్ర పట్టుకున్నాడు.

నూకరత్నం ఎగరేసేది, నేను బ్యాటరీలు మార్చేదాన్ని, కాసేపటికి చోట్లు మార్చుకునేవాళ్ళం. డ్రోను మడి మీద వెళుతుంటే వరి తలలు వంచి లేచేది. అబ్బ, ఆ పచ్చదనం! మా నల్లరేగడిలో పుట్టి పెరిగినదాన్ని, అంత నీళ్ళూ అంత పచ్చా ఒకేచోట చూడలేదు.

చివరికి ఒక్క మడి మిగిలింది. అప్పలనాయుడిదే. ఎనిమిదో బ్యాటరీ ఉంటే అయిపోయేది. అది కూర్మన్నపాలెంలో ఇసుక తొట్టిలో ఉంది. ఏడూ అయిపోయాయి, ఏడూ వేడిగానే ఉన్నాయి. గట్టు మీది తాటిచెట్ల ఆకుల చివర్లు కదలడం మొదలైంది. గాలి లేస్తోంది.

"ఏటి ఆగిపోయినారు? సార్జింగెట్టండి, బేగి!" అన్నాడు అప్పలనాయుడు.

"వేడిగా ఉన్నాయి బాబూ," అంది నూకరత్నం.

"అయితే ఏటవుతాది? ఇంకొక్క మడే కదా!"

రైతులు గుసగుసలాడుకుంటున్నారు. సంఘం ఆడవాళ్ళు నూకరత్నం ముఖం చూస్తున్నారు. నా మనసు చెప్పింది ఏమిటంటే, పెట్టేద్దాం. ఒక్కసారే కదా. పెట్టకపోతే అంతా పోతుంది. నేను మంచం దగ్గరికి పోయి అన్నిటికంటే ముందు తీసినదాన్ని ఎత్తాను.

ఆదెమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"దించమ్మా. ఒల్లు కాల్తంది."

"పెద్దమ్మా, గాలి లేస్తాంది, టైము లేదు."

"ఒకపాలి తొందరపడి నింపినాను. మల్లీ నింపనివ్వను." గొంతు పెంచలేదు. గట్టు వైపు తిరిగి, "నాయుడు బావా, ఆగుతాం. సల్లారాకే ఎడతాం. నీ మడి కాలిపోతే నాను జవాబు సెప్పలేను," అంది.

దించాను. ఆగాం. ఆ ఆగడం ఎంతసేపో నాకు తెలియదు, తాటాకుల వైపే చూస్తూ ఉన్నాను. రెండు విసనకర్రల చప్పుడు మాత్రం వినిపించింది. ఆదెమ్మ ఒకదాన్ని తాకింది, వదిలేసింది. మళ్ళీ తాకింది. చేయి అక్కడే ఉంచింది.

"ఇది."

జనరేటరుకు తగిలించాం. ఆ మడికి సరిపడా ఎక్కగానే నూకరత్నం ఎగరేసింది. గాలికి డ్రోను ఒకసారి పక్కకు జరిగింది, సర్దుకుంది. కిందికి దించి, మడి మీదికి దగ్గరగా తీసుకెళ్ళింది. ఆ చివర్నుంచి ఈ చివరికి. మళ్ళీ ఆ చివరికి. చివరి గట్టు దాటి వెనక్కి వచ్చి మా ముందు దిగింది. అప్పుడు తాటాకులు గట్టిగా కొట్టుకోసాగాయి.

అప్పలనాయుడు గొడుగు చంకలో పెట్టుకుని మంచం దగ్గరికి వచ్చాడు. బ్యాటరీ మీద తనూ చేతి వెనక వైపు ఆనించి చూశాడు.

"పోయిన పంటకి పట్నం నుంచి డ్రోనట్టుకుని కుర్రగుంటలొచ్చినారు," అన్నాడు. "ఆల్లూ నాలాగే బేగి బేగి అన్నారు. కాల్తున్న బేటరీ అలాగే సార్జింగెట్టినారు. అదిగో, ఆ గట్టు మీద అంటుకుని నా గడ్డిమేటు ఊడ్సుకు పోయినాది. అందుకే అడిగినాను, మీరేటి సేత్తారోనని. తొందరపడతారేమో అనుకున్నాను." నూకరత్నం వైపు తిరిగాడు. "ఈ పని మీదే. రేపట్నుంచి అవతల కాలువ కింద మొదలెట్టండి. ఆ విసనకర్ర అమ్మ కూడా రావాల."

సంఘం ఆడవాళ్ళు అరిచిన అరుపుకు కొంగలు లేచిపోయాయి. నూకరత్నం ఏడ్చింది, నేనూ ఏడ్చాను, సిగ్గేంది. ఆ గట్టు మీద నిలబడ్డ ఆడవాళ్ళలో నేనూ ఒకదాన్నని నా గుండె ఎంత పొంగిందో చెప్పలేను. మా ఆయన జనరేటరు ఆపి, చేతులు తుడుచుకుని, అందరి ముందూ నా భుజం తట్టాడు. పెళ్ళైన ఇన్నేళ్ళలో నలుగురి ముందు ఆయన ఆ పని చేయడం అదే మొదటిసారి.

వెనక్కి

బయల్దేరే పొద్దున ఆదెమ్మ నా స్టీలు డబ్బా తెచ్చి వ్యానులో పెట్టింది. మూత పట్టక తాడుతో కట్టింది. మాడుగుల హల్వా, జీడిపప్పు, తాటి తాండ్ర, మధ్య మధ్య సందుల్లో కూడా ఏవో కుక్కింది. నా కారప్పొడి ఆమె ఉంచేసుకుంది, పులుసులో వేసి చూస్తానంది. బెల్లం మానదట.

తర్వాత నా మూడు బ్యాటరీలు తెచ్చింది. ఒక్కొక్కటీ పొడిబట్టతో తుడిచి, పక్కన తేమ పొట్లాలు పెట్టి, పెట్టెలో పడుకోబెట్టింది. నేను అలవాటు కొద్దీ ఒకటి నొక్కి చూశాను. రెండు దీపాలు. ఆమె నవ్వింది.

"నాను సూసినాను లేమ్మా. డబ్బా నిండుగా ఇచ్చినాను. బేటరీలు సగమే ఇచ్చినాను. రెండూ మర్యాదే."

నంద్యాల చేరాక మా అత్త ఎదురొచ్చి డబ్బా విప్పింది, హల్వా చూసి మురిసింది. తర్వాత పెట్టె తెరిచి బ్యాటరీ నొక్కి చూసింది. "ఇదేంది, అంతదూరం పోయినదానికి సగం చేసి పంపినారే," అంది.

"కూర్చో అత్తా, చెబుతా," అన్నాను.